మైసయ్య కాక వంతు

ఆ ఆటపెట్టె మా ఇంటికి వచ్చిన రోజున అమ్మ దాన్ని మేడమీద నుంచి గల్లీలోకి విసిరేయబోయింది. అమ్మ కోపంలో న్యాయం ఉంది. కుడిచేయి మోచేతి దాకా పోయిన మనిషికి, రెండు చేతులతో పట్టుకుని ఆడే వస్తువును కానుకగా తెచ్చినవాణ్ణి ఎవరు మాత్రం తిట్టకుండా ఉంటారు?

తెచ్చింది మైసయ్య కాక, మా బాపుతో పనిచేసేవాడు, నాకు బాబాయి వరస.

2001 వేసవి అది. మొఘల్‌పురాలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా బాపు ఆనందరావు కరెంటు లైన్‌మన్. పాతబస్తీలో సగం గల్లీల్లో ఆయన పేరు తెలియదుగానీ, కరెంట్ భాయ్ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్ళు. మార్చి మొదటి వారంలో ఆయన స్తంభం మీద ఉండగా లైన్లోకి కరెంటు వచ్చింది. నెలరోజులు ఆస్పత్రిలో ఉండి, చేయి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఆ లైనుకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌లో డ్యూటీ మీద ఉన్న ఆపరేటరు మైసయ్య కాకే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో అందరికీ తెలిసినదాన్ని మీ దగ్గర దాచడం ఎందుకు.

"ఏం తెచ్చినవ్ మైసయ్యా ఇది?" అంది అమ్మ.

"టీవీకి పెట్టి ఆడేది వదినా. సంతోష్‌నగర్‌ల గేముల దుకాణం ఎత్తేస్తుండ్రు. అన్నకు జర పొద్దు పోతదని..."

"మంచిది. ఏ చేతితోటి పొద్దు పోగొట్టుకోవాల్నో గది గూడ చెప్పిపో."

కాక తన చేతిలో ఉన్న రిమోట్‌ను చూశాడు. బాపు ఖాళీ చొక్కా చేతిని చూశాడు. అప్పుడుగానీ తాను చేసిన పని అతనికి తట్టలేదు. పాపం, మనిషి మొహం అంత తెల్లబోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. తిరిగి సంచిలో పెట్టుకోబోతుంటే బాపు ఆపాడు.

"ఉండనియ్ నీలమ్మా. చూడు, మన సోనీ పేరే కొట్టిండ్రు దీని మీద. బిడ్డ పేరున్న డబ్బా బయట పారేస్తవా?"

అలా నా పేరు పుణ్యాన అది ఉండిపోయింది.

పెట్టెతో పాటు పది పన్నెండు డిస్కులు ఇచ్చారు. మొదట కార్ల పందెం పెట్టాం. రిమోట్‌కు ఎడమవైపు దారి తిప్పే మీటలు, కుడివైపు పని చేసే మీటలు. బాపు ఎడమచేత్తో కారును తిప్పగలడు, కానీ నడిపే మీట కుడివైపు ఉంది. "నేను నొక్కుత అన్నా" అంటూ కాక పక్కన కూర్చుని రిమోట్ కుడిసగం పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు నడిపే కారు ఎలా ఉంటుందో అలాగే ఉంది. గోడకు కొట్టి, వెనక్కి వచ్చి, మళ్ళీ అదే గోడకు కొట్టారు. తర్వాత కుస్తీ ఆట పెట్టాం. బాపు 'కొట్టు' అనేలోపు అవతలివాడు నాలుగు తగిలించేవాడు. బాపు నవ్వుతున్నట్టే ఉన్నాడుగానీ, దెబ్బ పడ్డప్పుడల్లా ఆయన కుడిభుజం లేచి పడేది. లేని చేయి అడ్డం పెట్టబోయేవాడు. అది చూడలేక అమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

మూడో రోజు అట్టమీద బొమ్మ కూడా లేని డిస్కు ఒకటి తీశాను. దాని మీద స్కెచ్‌పెన్నుతో 'జపాన్, పెద్దది' అని రాసి ఉంది. పెట్టగానే ఒక చిన్న పల్లె, చేతిలో కత్తితో ఒక కుర్రాడు. మాటలన్నీ ఇంగ్లీషులో అడుగున కనిపిస్తాయి. నేను చదివి చెప్పడం, బాపు ఎడమచేత్తో నడిపించడం, కాక కుడివైపు మీట నొక్కడం. ఊరు దాటి చెట్లలోకి వెళ్ళగానే టీవీలో బొమ్మ గిర్రున తిరిగి సంగీతం మారిపోయింది. ఎదురుగా మూడు కప్పలు, ఒక్కొక్కటి మనిషి ఎత్తు. బాపు ఉలిక్కిపడి రిమోట్ వదిలేశాడు.

ఇక అయిపోయామనుకున్నాం. ఏమీ కాలేదు. కప్పలు నిలబడి ఊపిరి పీలుస్తున్నాయి, అంతే. కింద ఒక పట్టీ తెరుచుకుంది. కొట్టు, మంత్రం, వస్తువు, కాచుకో.

"ఇవేంది, కొడ్తలేవు?" అన్నాడు బాపు.

"మనం చెప్పేదాక కొట్టవు బాపు. ఇప్పుడు మన వంతు."

"ఎంతసేపు ఆగుతయి?"

"ఎంతసేపైనా."

బాపు నమ్మలేదు. "చాయ్ తాగొచ్చిన గూడనా?" అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా నిజంగానే అమ్మతో చాయ్ పెట్టించుకుని, ఎడమచేత్తో మెల్లగా సాసర్లో పోసుకుని తాగాడు. మధ్యమధ్యలో కప్పల వైపు చూశాడు. అవి అక్కడే ఉన్నాయి.

"గిది గదా మర్యాద అంటే," అని నవ్వాడు. "కరెంటుకు గీ మర్యాద లేదు."

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి. కాక మాత్రం నవ్వలేదు. తల వంచుకుని కుడివైపు మీట నొక్కాడు. ఆ కుర్రాడు ఎగిరి కప్పను కొట్టాడు.

ఆ తర్వాత అది రోజువారీ పని అయిపోయింది. కాకకు నాలుగింటి డ్యూటీ. రెండింటికి వచ్చేవాడు, మూడున్నరకు లేచేవాడు. చాప మీద ఎడమవైపు బాపు, కుడివైపు కాక, భుజానికి భుజం ఆనించి, ఇద్దరి మధ్య ఒక రిమోట్. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని నేను. ఆటలో మనుషులకు మనం పేర్లు పెట్టుకోవచ్చు, ఇంగ్లీషులో ఐదక్షరాలు మించకూడదు. కత్తి కుర్రాడు ఆనంద్. పెద్ద సుత్తి పట్టుకున్న బలశాలి మైస. మంత్రాలు వేసే పిల్ల సోని. దెబ్బలకు మందు పూసే అమ్మాయికి నీల అని పెట్టాం. "నన్నెందుకు లాగుతుండ్రు ఈ లొల్లిల?" అంది అమ్మగానీ, నీలకు దెబ్బ తగిలినప్పుడు వంటింట్లోంచి తొంగి చూసేది.

ఊళ్ళు తిరగడంలో బాపుది లైన్‌మన్ పద్ధతి. కథ ముందుకు నడుద్దామని నాకు తొందర. ఆయనకు అలా కుదరదు. కొత్త ఊరు రాగానే గోడ పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టేవాడు. ప్రతి గల్లీ చివరిదాకా వెళ్ళాలి, అది ఎక్కడ మూసుకుపోతుందో చూడాలి, వెనక్కి రావాలి.

"గల్లీ ఎరుక లేకుంటే స్తంభం ఎట్ల దొరుకుతది బిడ్డా?" అనేవాడు. "చార్మినార్ ఎనక గాజుల దుకాణాల మధ్యన ఒక సందు ఉంటది. పక్కకు తిరిగి పోవాలె. గక్కడ ఉన్న స్తంభం నాకు తప్ప ఎవ్వనికీ ఎరుక లేదు."

ఆయన పాత లైన్ల పుస్తకంలో మిగిలిన కాగితాల మీద నేను ఆ ఊళ్ళ పటాలు గీసేదాన్ని. ఆయన చెప్పే చోట ఇంటూ గుర్తు పెట్టేదాన్ని. నిజంగానే నాకు అక్కర్లేదనిపించిన గల్లీల్లోనే పెట్టెలు దొరికేవి. ఒక దాంట్లో చొక్కా, ఒక దాంట్లో మందుసీసా. ప్రతి ఇంటి తలుపూ తెరుచుకునేది. లోపలికి పోతే ఎవరు నువ్వని ఎవరూ అడగరు, వంట చేసుకుంటూనే ఒక మాట చెబుతారు. ఏప్రిల్ నుంచి మేడ దిగని మనిషికి ఇన్ని ఇళ్ళలోకి వెళ్ళి రావడం ఎలా ఉండేదో నేను ఊహించగలను. కింద గల్లీలో నడిస్తే జనం ఆయన చొక్కా చేతిని చూసేవాళ్ళు. ఆ ఊళ్ళలో ఎవరూ చూడరు.

పోట్లాటల్లో ఆయనకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఎంత చిన్న కొట్లాటైనా ఊరికే పోదు. గెలిచిన ప్రతిసారీ ఏదో కొంత బలం జమవుతుంది, కొన్నాళ్ళకు ఒక మెట్టు పైకెక్కుతారు. అప్పుడప్పుడు పని లేకపోయినా మొదటి చెట్లలోకి వెనక్కి వెళ్ళేవాడు. మొదటిరోజు మమ్మల్ని హడలగొట్టిన కప్పలు ఇప్పుడు ఒక్క దెబ్బకు పడిపోయేవి. "చూసినవా," అనేవాడు. ఎవరికి చెప్పేవాడో తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం మొండికేసేవాడు. సోని దగ్గర నిప్పు, మంచు, పిడుగు అని మూడు మంత్రాలున్నాయి. కొన్ని మృగాలు పిడుగుకే పడతాయి.

"అన్నా, దీనికి పిడుగు వేస్తే ఖతం," అన్నాడు కాక ఒకరోజు.

"వద్దు. వేరేది చూడు."

"మంచు తగుల్తలేదు అన్నా. ఆ తీగలు చూడు దాని ఒంటి మీద. కరెంటే..."

మాట మధ్యలో కాక ఆగిపోయాడు. బాపు బాణం గుర్తును పిడుగు మీదుగా దాటించి 'కొట్టు' దగ్గర పెట్టాడు. కాక నొక్కాడు. అయిదు నిమిషాల్లో అయ్యేది ముప్పావుగంట పట్టింది. ఎవరికి ఎప్పుడు మందు వేయాలి, ఎవరు కాచుకోవాలి, ఎవరు ముందుకు రావాలి అని ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. చూస్తే, అది ఆనందంగానే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైను ఆపిస్తాడు. 'ఆపిన, ఎక్కు' అని ఆపరేటరు ఇచ్చే మాటను ఎల్‌సీ అంటారు. పని అయ్యాక తీసుకున్నవాడే దాన్ని వాపసు ఇవ్వాలి, అప్పుడే లైను మళ్ళీ వేయాలి. అదంతా టైముతో సహా పుస్తకంలో రాయాలని రూలు. కానీ ఎండలు ముదిరితే గంటకు పది ఫిర్యాదులు. బాపు ఏ కిరాణా దుకాణంలోంచో ఫోన్ చేసి "మైసయ్యా, ఎల్‌సీ ఇయ్" అనేవాడు. "ఇచ్చిన అన్నా" అనేవాడు కాక. పుస్తకం తర్వాత తీరిగ్గా నింపుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. నోటిమాటే పుస్తకం.

ఆ రోజు ఒకే లైను మీద ఇద్దరు ఎల్‌సీ తీసుకున్నారు. కొండల్ అనే ఇంకో లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు వెళ్ళి పుస్తకంలో సంతకం చేసి తీసుకున్నాడు. బాపు ఫోన్లో తీసుకున్నాడు. కొండల్ పని ముగించి తనది వాపసు ఇచ్చాడు. కాక పుస్తకం చూశాడు. రాసి ఉన్నది ఒకటే, అది వాపసు వచ్చింది. లైను వేశాడు.

జూన్ పదమూడున విచారణ అని కాగితం వచ్చింది. ఎల్‌సీ ఇచ్చి కూడా లైను వేశారని తేలితే తప్పు కాకది. బాపుకు ఆఫీసులో కూర్చుని చేసే పని ఇస్తారు, చేతికి పరిహారం ఇస్తారు. ఎల్‌సీ లేకుండా ఎక్కాడని తేలితే తప్పు బాపుది. అప్పుడు ఉద్యోగమే ఉండదు. కాక పద్నాలుగేళ్ళు కాంట్రాక్టు కూలీగా చేసి ఆ జనవరిలోనే పర్మనెంటు అయ్యాడు. ఇద్దరిలో ఒకరు పోవాలి. ఆ సంగతి తెలిసి కూడా ఆ ఇద్దరూ రోజూ మధ్యాహ్నం ఒకే రిమోట్ పట్టుకుని కూర్చునేవాళ్ళు. దాని ఊసే ఎత్తేవాళ్ళు కాదు. నాకు ఒళ్ళు మండేది.

మే నెల మొదట్లో ఒకరోజు, కాక వెళ్ళిపోయాక, నేను కింది ఇంట్లో ఉండే ఖాలా దగ్గర ఐసుముక్కలు తీసుకుని పైకి వచ్చాను. కొట్లాట సంగీతం వినిపిస్తోంది. తలుపు దగ్గర ఆగి చూశాను. బాపు ఒక్కడే ఉన్నాడు. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బాణం నడిపి, అదే చేతిని కుడివైపుకు తెచ్చి మీట నొక్కుతున్నాడు. మళ్ళీ ఎడమవైపుకు, మళ్ళీ కుడివైపుకు. నిదానంగా, తడబాటు లేకుండా. ఎదుటివాళ్ళు ఎంతసేపైనా ఆగే ఆటలో ఒక్క చేయి చాలు. అంత చిన్న విషయం మాకెవరికీ తట్టలేదు.

"ఎప్పటి సంది బాపు?"

ఆయన దొంగలా చూశాడు. "ఆట మొదలైన రెండో వారం సంది. నువ్వు వచ్చేటప్పుడు మెట్ల మీద జర చప్పుడు చెయ్ బిడ్డా."

"మరి కాక ఎందుకు?"

"మైసయ్యకు చెప్పకు," అన్నాడు. రిమోట్ పక్కన పెట్టి, "వాడు గీడ కూసుంటేనే నాతో మాట్లాడగలుగుతుండు. లేకుంటే రాడు. నాకెరుక," అన్నాడు.

నేను చెప్పలేదు. ఐసుముక్కలు చేతిలో కరిగిపోయాయి.

జూన్ వచ్చేసరికి ఆట చివరి గోపురం దాకా వచ్చింది. పైన ఒక ఇనప గద్ద. దానికి తగిలేది పిడుగు ఒక్కటే అని గోపురం కింద ముసలాయన చెప్పనే చెప్పాడు, నేను చదివి వినిపించాను కూడా. బాపు వినిపించుకోలేదు. మూడుసార్లు ఓడిపోయి, మూడుసార్లు సేవ్ చేసిన చోటికి తిరిగి వచ్చారు.

"గీ సేవ్ మస్తుంది తమ్మీ," అన్నాడు బాపు. "ఏది పోయినా మళ్ళ ఆడికే పోవచ్చు."

కాక ఆ రోజు చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

విచారణకు ముందు రోజు అమ్మ బాపును పట్టుకుంది. అన్నం తింటున్నాడాయన, స్పూనుతో.

"రేపు ఏం చెప్తవ్?"

"ముందు మైసయ్యను అడుగుతరు. వాడు చెప్తడు. ఇచ్చిన అని వాడు చెప్పినంక నాకు చెప్పేది ఏముంది?"

"చెప్పకుంటే?"

"చెప్తడు."

"చెప్పకుంటే అంటున్న."

బాపు స్పూను కింద పెట్టాడు. "నాది చేయి పోయింది. వానిది గూడ ఏదన్న పోతే నా చేయి వస్తదా నీలమ్మా?"

"చేయి రాదు," అంది అమ్మ. "జీతం వస్తది."

ఆయన మళ్ళీ స్పూను తీసుకున్నాడు. మా అమ్మ తప్పుగా మాట్లాడిందని ఈ రోజుకూ నేను అనను.

బాపు తరఫున రాయడానికి నేను వెంట వెళ్ళాను. పొడుగాటి గది, పైన తిరగని ఫ్యాను, బల్లకు అవతల ఇంజనీరు సారు. ఆయన మంచివాడే. బాపును కూర్చోమన్నాడు, నీళ్ళు తెప్పించాడు. కాక గోడ దగ్గర నిలబడ్డాడు, ఉతికిన చొక్కాలో. నా వైపు చూడలేదు.

"మైసయ్యా, ఆ రోజు ఆనందరావుకు ఎల్‌సీ ఇచ్చినవా?"

కాక బల్ల మీద ఉన్న పుస్తకాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"బుక్కుల లేదు సార్," అన్నాడు.

ఇవ్వలేదని అనలేదు. ఆ మాట అతని నోట రాలేదు. కానీ వచ్చింది చాలు.

సారు బాపు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఆనందరావ్. తీసుకున్నవా?"

బాపు కాకను చూశాడు. కోపంగా కాదు. కొత్త మృగం ఎదురైనప్పుడు పట్టీలోని మాటలన్నీ ఒక్కొక్కటిగా చదివించుకునేటప్పుడు ఉండే చూపు అది. ఆ చూపు నాకు తెలుసు. గదిలో ఎవరూ కదల్లేదు. నేను మనసులో వంద దండాలు పెట్టుకున్నాను. చెప్పు బాపు, తీసుకున్న అని చెప్పు, దుకాణదారు పేరు చెప్పు, ఆయన ఫోన్లోంచే చేశావు కదా అని. నోరు మాత్రం తెరవలేదు. పెద్దవాళ్ళ మధ్యలో మాట్లాడకూడదని పదహారేళ్ళు నేర్పితే, ఆ ఒక్క నిమిషం కోసం మరిచిపోవడం నా చేత కాలేదు.

"బుక్కుల లేదు గదా సార్," అన్నాడు బాపు. "రాసుకో బిడ్డా."

రాశాను. సారే మెల్లగా చెప్పాడు, ఒక్కో మాటా. 'ఎల్‌సీ తీసుకోకుండానే స్తంభం ఎక్కితిని. ఇందులో వేరెవరి తప్పూ లేదు.' నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని బడిలో మెచ్చుకునేవాళ్ళు. ఆ రోజు కూడా గుండ్రంగానే వచ్చాయి. కింద బాపు ఎడమ బొటనవేలు వేశాడు. ఆ కాగితం మీదే తర్వాత ఆయన ఉద్యోగం పోయింది, అమ్మ సంతోష్‌నగర్‌లో ఒక హాస్టల్లో వంటపనికి కుదిరింది, మేము రెండు గదుల నుంచి ఒక గదిలోకి మారాం. అన్నీ నా చేతిరాతతోనే మొదలయ్యాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక చాలాకాలం నా చేతి మీదే తెచ్చుకున్నాను.

కొండల్ సాయంత్రం ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "నేను ఆడ సంతకం పెట్టేటప్పుడు ఫోన్ గంట విన్న అన్నా. నువ్వే అని ఎరుక. విచారణకు నన్ను ఎవ్వరూ పిలువలే," అన్నాడు. బాపు అతని భుజం మీద చేయి వేసి పంపేశాడు.

నాలుగు రోజులు కాక రాలేదు. అయిదో రోజు రెండింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అమ్మ అతన్ని చూసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను గోడ దగ్గర నుంచి లేవలేదు. నీళ్ళు కూడా ఇవ్వలేదు. కాక గడపలో నిలబడ్డాడు.

"దా తమ్మీ," అన్నాడు బాపు. "గద్ద అట్లనే ఉంది."

కాక వచ్చి కుడివైపు కూర్చున్నాడు. ఈసారి భుజం తగలకుండా కూర్చున్నాడు. రిమోట్ కుడిసగం పట్టుకున్నాడు. గోపురం ఎక్కారు. గద్ద దిగింది. బాణం ఆగుతోంది, వేలు మీట నొక్కుతోంది. ఏడెనిమిది వంతులు అలా నడిచాయి. నీలకు దెబ్బ తగిలింది, లేచింది. ఆనంద్ ఒకసారి మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాత గద్ద రెక్క విసిరింది. మైస బోర్లా పడిపోయాడు. అతని పేరు ఎర్రబడింది.

ఆనంద్ వంతు వచ్చింది. బాపు బాణాన్ని కిందికి తెచ్చాడు. వస్తువుల్లో ఒకే ఒక్క ఆకు మిగిలి ఉంది. పడిపోయినవాణ్ణి లేపే ఆకు. దాన్ని ఎంచి, ఎవరికి అని ఆట అడిగితే, బాణాన్ని నలుగురి పేర్ల మీదుగా నడిపించి మైస పేరు దగ్గర ఆపాడు.

"నొక్కు తమ్మీ."

కాక బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

"అన్నా, నేను ఆ దినం..."

"నొక్కు. గద్ద ఆగుతది. ఫికర్ చెయ్యకు."

గద్ద రెక్కలు ఆడిస్తూ నిలబడే ఉంది. కాక రిమోట్ వదిలేశాడు.

"డ్యూటీ టైమ్ అయితుంది అన్నా," అని లేచాడు. గోడ గడియారంలో ఇంకా మూడు కూడా కాలేదు.

అతను గడప దాటి ఒక చెప్పులో కాలు పెట్టాడు. అప్పుడు వెనక టీవీలో గంటలు మోగినట్టు చప్పుడైంది. మైస లేచినప్పటి చప్పుడు అది. కాక తిరిగి చూశాడు. టీవీలో సుత్తివాడు నిలబడి ఉన్నాడు. గోడ దగ్గర నా రెండు చేతులూ నా ఒళ్ళోనే ఉన్నాయి. రిమోట్ బాపు ఒళ్ళో ఉంది, ఆయన ఎడమచేయి దాని కుడివైపు మీట మీద ఉంది.

"నీకు వస్తదా అన్నా?" అన్నాడు కాక.

బాపు తల ఎత్తలేదు. "వస్తది."

"ఎప్పటి సంది?"

బాపు చెప్పలేదు. నేను చెప్పాను.

"రెండో వారం సంది."

ఆ వేసవంతా కడుపులో దాచుకున్న కోపానికి నా దగ్గరున్న రాయి అదొక్కటే. విసిరాను. తగిలింది. తగిలాక అతని మొహం చూసి, దాన్ని ఎందుకు విసిరానా అనిపించింది. కాక రెండో చెప్పు వేసుకోవడానికి మూడుసార్లు వెతుక్కున్నాడు, కాలి పక్కనే ఉన్నా. మెట్లు దిగిపోయాడు.

టీవీలో పట్టీ మళ్ళీ తెరుచుకుంది. కొట్టు, మంత్రం, వస్తువు, కాచుకో. పైన మైస పేరు. ఇప్పుడు అతని వంతు.

బాపు చేయి తీసి పక్కన పెట్టుకున్నాడు.

"నేను నొక్కనా బాపు?"

"వద్దు. వాని వంతు."

"కాక ఇంక రాడు."

ఆయన టీవీ వైపే చూస్తున్నాడు. కాసేపటికి అమ్మ తలుపు తీసుకుని వచ్చి కాక కూర్చున్న చోటే కూర్చుంది. ముగ్గురం చూస్తూ ఉన్నాం. గద్ద రెక్కలు ఆడిస్తోంది, సుత్తివాడు ఊపిరి తీస్తున్నాడు. నాలుగైంది. నాలుగున్నరైంది. గల్లీలో నీళ్ళ ట్యాంకరు వచ్చి పోయింది.

ఆ వేసవి మా వైపు రోజూ ఐదింటికి సబ్‌స్టేషన్‌లోనే ఒక గంట కరెంటు తీసేవాళ్ళు. ఐదైంది. టీవీ నల్లబడింది, ఫ్యాను మెల్లగా ఆగింది. ఆ రోజు సబ్‌స్టేషన్‌లో నాలుగింటి డ్యూటీ మైసయ్య కాకది.